శనివారం అక్కగా ఏడాదిన్నర: బెంగళూరులో పిల్లల హోమ్ వాలంటీరింగ్ ఎలా ఉందంటే

నువ్వు ప్రతి శనివారం వెళ్లే ఆ హోమ్ సంగతేంటి, మేమూ చేరొచ్చా అని మారతహళ్లిలో మా ఆఫీసువాళ్లు చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను. సంస్థ పేరు రాయను, ఎందుకంటే హోమ్ ఏదో తెలిస్తే పిల్లలెవరో తెలిసిపోతుంది. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఈ పిల్లల పేరు, ఫొటో, బడి, ఏదీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇది తెలియక మనవాళ్లు హోమ్‌లో పుట్టినరోజు కేక్ కోసి, పిల్లలతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇక్కడ ఒక వాలంటీరుకి ఒక పాపనో బాబునో జత చేస్తారు. వారానికి రెండు గంటలు, కనీసం ఏడాది పాటు రావాలి. ట్యూషన్ చెప్పక్కర్లేదు, డబ్బు ఇవ్వక్కర్లేదు, వెళ్లి కూర్చుని ఆడుకోవాలి, వాళ్లు చెప్పేది వినాలి, అంతే.

చేరడం మాత్రం అంత తేలిక కాదు, నాకు నమ్మకం కలిగింది కూడా అందుకే. ఇంటర్వ్యూ, ఇద్దరి రిఫరెన్స్, కర్ణాటక ప్రభుత్వ సేవా సింధు పోర్టల్‌లో అప్లై చేసి తెచ్చుకున్న పోలీస్ వెరిఫికేషన్, రెండు ఆదివారాల ట్రైనింగ్. పిల్లలపై లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం గురించి బాగా చెప్పారు. పిల్లలు ఏదైనా బాధ చెప్పుకుంటూ 'ఎవరికీ చెప్పొద్దు' అంటే సరేనని మాట ఇవ్వకూడదట, తనని కాపాడాలంటే చెప్పాల్సిన వాళ్లకి చెప్పాలని అక్కడే పాపకి వివరించాలట. అమ్మానాన్నల గురించి మనంతట మనం అడగకూడదు. అందరూ తల్లీతండ్రీ లేనివాళ్లే అనుకుని వెళ్లాను నేను, కాదు. అమ్మో నాన్నో ఉండి సాకలేక వదిలినవాళ్లు, ఇంట్లో దెబ్బలు పడలేక రైలెక్కి వచ్చేసి స్టేషన్‌లో దొరికినవాళ్లు చాలామంది ఉన్నారు, బాలల సంక్షేమ కమిటీ వాళ్లని ఇక్కడికి పంపింది.

నాకు జత చేసిన పాపకి పదమూడేళ్లు. తెలుగు మాట్లాడుతుందని, మాది అనంతపురం కాబట్టి నన్ను పెట్టారు. మొదటి నాలుగు వారాలూ క్యారమ్స్ తప్ప ఒక్క మాట లేదు. ఆ బోర్డులో రెడ్ కాయిన్ ఎప్పుడో పోయింది, ఒక నల్ల కాయిన్‌కి ఎర్ర నెయిల్ పాలిష్ పూసి పెట్టుకున్నారు. పౌడర్ చల్లేది, కొట్టేది, నా వంతు రాగానే గడ్డంతో బోర్డు వైపు చూపించేది. ఐదో శనివారం గేటు దాకా వచ్చి "నువ్వు ఎన్ని వారాలొస్తావక్కా?" అని అడిగింది. నాకు ముందు ముగ్గురు అక్కలు వచ్చి మూడో వారమో నాలుగో వారమో మానేశారట. ముగ్గురి పేర్లూ వరసగా చెప్పింది.

ఇక లోపాలు. ఒక శనివారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి రాలేనని గురువారమే కోఆర్డినేటర్‌కి మెసేజ్ పెట్టాను. ఆవిడ అప్పటికే ఉద్యోగం మానేసిందట, మాకెవరికీ చెప్పలేదు. తర్వాతి వారం వంటమ్మ చెప్పింది, పాప మూడింటికే జడ వేయించుకుని మెట్ల మీద కూర్చుందని, చీకటి పడేదాకా లేవలేదని, పాలు కూడా తాగలేదని. నేను జరిగింది చెప్తే పాప తల ఊపింది కానీ మళ్లీ నన్ను అక్కా అని పిలవడానికి నెల పట్టింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఏడాదిన్నరలో ముగ్గురు కోఆర్డినేటర్లు మారారు. గట్టిగా రాసిచ్చాక ఇప్పుడు నేరుగా వార్డెన్‌కి ఫోన్ చేసే ఏర్పాటు పెట్టారు.

రెండోది ఇంకా పెద్దది. పద్దెనిమిది నిండగానే సంస్థ జతని ఆపేస్తుంది. చట్టంలో ఆఫ్టర్‌కేర్ అని 21 ఏళ్ల దాకా ఆదుకునే వీలుంది, అసలు తోడు కావాల్సింది కూడా అప్పుడే కదా. మా బ్యాచ్‌లో ఒకతను మూడేళ్లు చూసిన అబ్బాయి మొన్న బయటికొచ్చి మొబైల్ షాపులో చేరాడు. పీజీవాళ్లు లోకల్ గార్డియన్ నంబర్ అడిగితే ఇతని నంబరే రాశాడు. సంస్థ లెక్కలో వాళ్లకిక సంబంధం లేదు, మనవాడు మాత్రం ఫోన్ ఎత్తుతూనే ఉన్నాడు. ఏ ఇంట్లోనైనా పద్దెనిమిదికి ఇక నీ దారి నీదని పంపేస్తామా?

నియమాలు మొదట్లో చిరాకు అనిపిస్తాయి. ఉగాదికి అమ్మ పంపిన ఓళిగలు (బొబ్బట్లు) పాప కోసం తీసుకెళ్తే, ఇస్తే అందరికీ ఇవ్వాలి, లేదంటే వద్దన్నారు. నలభై మందికి ఇరవై ఓళిగలు. పాపే కూర్చుని ఒక్కోదాన్నీ రెండుగా విరిచి పంచింది, చిన్న ముక్కలు చిన్నవాళ్లకి పోకుండా చూసుకుంటూ. తన వంతుకి మిగిలిన అంచు ముక్కలో సగం మళ్లీ నా చేతిలో పెట్టింది.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆరు నెలల్లో ఆన్‌సైట్ వెళ్లేవాళ్లు, ప్రాజెక్ట్ మారితే హైదరాబాద్ వెళ్లిపోతామనుకునేవాళ్లు మాత్రం చేరకండి, పుస్తకాలో బూట్లో కొనివ్వండి, అవీ కావాలి. మీ ఇంటి దగ్గర వేరే హోమ్ చూసుకుంటే ముందు బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, లేకుండా హోమ్ నడపకూడదు. మా దగ్గర కొత్త బ్యాచ్ బడులు తెరిచాక జూన్‌లో మొదలవుతుంది. పోలీస్ వెరిఫికేషన్‌కి ఇప్పుడే అప్లై చేసుకోండి, నాకు దానికే నెల పట్టింది.