రోజూ వెంట ఉంచుకునే మల్టీటూల్: పనిముట్ల లెక్క కన్నా ప్లయర్ ముఖ్యం

ప్లయర్, కత్తి, స్క్రూడ్రైవర్లు ఒకే పిడిలో మడిచి పెట్టిన మల్టీటూల్ అట్టపెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది పనిముట్ల సంఖ్య. సీసా మూత తీసే కొక్కెం, పిడి మీద చెక్కిన కొలబద్ద గీతలు, తాడు దూర్చే రింగు కూడా ఆ లెక్కలోనే చేరతాయని పెట్టె విప్పిన తర్వాత గాని తెలియదు. వరంగల్ చుట్టుపక్కల ఒక ఉద్యోగం, ఊళ్లో కాస్త పొలం, తిరగడానికి ఒక మోటారు సైకిలు ఉన్న మనిషికి రోజువారీగా పనికొచ్చేవి ప్లయర్, తీగ తెంచే అంచు, స్టార్, మైనస్ స్క్రూడ్రైవర్లు, ఒక మంచి కత్తి మాత్రమే. లెదర్‌మన్ వేవ్ ప్లస్‌ను, విక్టోరినాక్స్ స్విస్‌టూల్ స్పిరిట్ ఎక్స్‌ను, ఎగ్జిబిషన్ దుకాణంలో కొన్ని వందల రూపాయలకు దొరికిన పేరులేని ఒక పనిముట్టును ఈ పనుల దృష్టితోనే పరిశీలించాను.

చవకదాని సంగతి త్వరగానే తేలిపోయింది. చేను కంచెకు కట్టిన జీఐ తీగను మెలిపెట్టగానే దాని ప్లయర్ దవడలు ఒకదాని మీదకు ఒకటి ఒరిగాయి. స్క్రూడ్రైవర్ కొన స్క్రూ కన్నా ముందే అరిగింది. అందులోని ఉక్కు మెత్తనిది, కీళ్లకు వేసినవి సాదా రివెట్లు. ఒకసారి వదులైతే బిగించడానికి మార్గం లేదు. ఇలాంటివి కొనేముందు ప్లయర్‌ను మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, దవడల కొనలు సరిగ్గా కలుస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. పిడులను పక్కలకు ఊపి చూసినప్పుడు కీలు ఆడుతుంటే దాన్ని అక్కడే వదిలేయవచ్చు.

దుకాణాల్లో మరో పరీక్ష కూడా చేస్తుంటారు. స్టీలు సామాన్ల అంగట్లో అలవాటైన పద్ధతిలో అయస్కాంతం పెట్టి, అది అంటుకుంటే నాసిరకమని తేల్చేస్తారు. గిన్నెలకు వాడే 304 రకం స్టీలుకు అయస్కాంతం దాదాపు అంటుకోదన్నది నిజమే కాని, ఆ రకాన్ని వేడిచేసి చల్లార్చి కత్తికి కావలసినంతగా గట్టిపరచడం సాధ్యం కాదు. అలా గట్టిపరచే 420 తరహా ఉక్కులన్నీ అయస్కాంతానికి అంటుకుంటాయి. వేవ్ ప్లస్ కత్తికి వాడే 420హెచ్‌సీ కూడా ఆ కోవలోదే. కాబట్టి మల్టీటూల్ విషయంలో ఆ అయస్కాంతాన్ని జేబులోనే ఉంచుకోవడం మంచిది.

పేరున్న రెండింటి మధ్య తేడా వాటి పుట్టుకలోనే కనిపిస్తుంది. అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మన్ 1975లో పాత ఫియట్ కారులో ఐరోపా తిరుగుతూ, జేబులోని చాకుతో మరమ్మతులు చేసుకోలేక ప్లయర్ లేని లోటును గుర్తించారు. ఆయన మొదటి పనిముట్టు 1983లో అమ్మకానికి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో 1884లో మొదలైన విక్టోరినాక్స్ 1891 నుంచి తమ దేశ సైనికులకు ఇచ్చిన చాకు డబ్బాలు తెరవడానికీ, తుపాకీ విప్పడానికీ ఉద్దేశించినది. ఒకరికి ప్లయర్ మూలమైతే, మరొకరికి చాకు, స్క్రూడ్రైవర్ మూలం.

వేవ్ ప్లస్ మూసినప్పుడు 10 సెంటీమీటర్ల పొడవు, 241 గ్రాముల బరువు ఉంటుంది. కత్తిని ప్లయర్ విప్పకుండానే, ఒక చేత్తో తెరవవచ్చు. రెండో చేత్తో డ్రిప్ పైపునో గోనె సంచి మూతినో పట్టుకున్నవారికి ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది తీగ తెంచే అంచులను మార్చుకునే వీలు. క్లచ్ కేబుల్ లోపలి ఉక్కు తీగ లాంటి గట్టి వాటిని తెంచితే ఏ ప్లయర్ అంచైనా ఎప్పుడో ఒకప్పుడు నొక్కుపడుతుంది. ఇందులో ఆ ముక్కలను విప్పి కొత్తవి బిగించుకోవచ్చు. అయితే దీని స్క్రూడ్రైవర్ బిట్లు చదునుగా, ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటాయి. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే ఆరు పలకల బిట్లు ఇందులో పట్టాలంటే వేరే అడాప్టర్ కొనుక్కోవాలి.

స్పిరిట్ ఎక్స్ పొడవు 105 మిల్లీమీటర్లు. బరువు కాస్త తక్కువ. పిడులు వంపు తిరిగి నునుపుగా ఉండటం వల్ల గట్టిగా నొక్కినా అరచేతికి కోసుకోదు. ప్రతి పనిముట్టూ బయటి వైపు నుంచే తెరుచుకుని తాళం పడుతుంది. దీని తీగ తెంచే అంచు మాత్రం మార్చుకునేది కాదు. ఇంట్లో, ఆఫీసులో స్క్రూలు, కత్తెర పని ఎక్కువగా ఉన్నవారికి నేను దీన్నే చెబుతాను. కంచెలు, బైండింగ్ వైరు, పొలం పని ఉన్నవారికి వేవ్ ప్లస్ మేలు. లెదర్‌మన్ హామీ 25 ఏళ్లు. విక్టోరినాక్స్ తయారీ లోపాలకు జీవితకాల హామీ ఇస్తుంది.

ఎంత ఖరీదైనది కొన్నా రెండు పనులకు మల్టీటూల్‌ను వాడకూడదు. మొదటిది కరెంటు పని. వీటి పిడులు నిండా లోహమే. ఇంట్లో 230 వోల్టులు, బోరు మోటారు స్టార్టరులో త్రీఫేజ్ 415 వోల్టులు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తామే వేయబోయి రైతులు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనకు కొత్తవి కావు. స్టార్టరు డబ్బా మూత స్క్రూలు విప్పడానికి కూడా సరఫరా పూర్తిగా ఆపిన తర్వాతే దీన్ని బయటికి తీయాలి. మిగిలిన పనికి 1000 వోల్టుల గుర్తున్న ఇన్సులేటెడ్ ప్లయర్ వేరుగా ఉండాల్సిందే. రెండోది నట్లు బిగించడం. ప్లయర్‌తో పట్టి తిప్పితే బండి నట్ల మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత మెకానిక్ పాన కూడా పట్టు దొరకక జారుతుంది.

నిర్వహణ పెద్ద పనేమీ కాదు. పత్తి నూగు, కరీంనగర్ వైపు వారికైతే గ్రానైటు పొడి కీళ్లలో చేరి బిగుసుకుంటాయి. గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు. కొబ్బరి నూనె కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది కాబట్టి అది వద్దు. మామిడికాయ కోసిన కత్తిని తుడవకుండా మూస్తే స్టెయిన్‌లెస్ అయినా మచ్చ పడుతుంది. మన ఎండాకాలంలో చెమటకు తడిసే తోలు పౌచ్ కన్నా నైలాను పౌచ్ నయం. లుంగీ కట్టుకునేవారు ఈ బరువును ఎక్కడ దోపుకోవాలన్న ప్రశ్నకు మాత్రం ఏ కంపెనీ దగ్గరా జవాబు లేదు.

చట్టం గురించి చాలామంది అడుగుతారు. ఆయుధాల నిబంధనల్లో పేర్కొన్న కత్తులు 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగు ఉన్నవి; వేవ్ ప్లస్ అలుగు 3 అంగుళాలు కూడా లేదు. అయినా విమానంలో చేతి సంచిలో పెట్టుకోనివ్వరు. చెక్-ఇన్ సామానులో వేయాలి. హైదరాబాద్ మెట్రోలో తనిఖీ ఉంటుంది కనుక కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్‌లో దిగి మెట్రో మారేవారు దీన్ని ఇంట్లో వదిలి వెళ్లడం తేలిక.

రెండు మోడళ్ల ధరా వేలల్లోనే ఉంది. అంత పెట్టడం ఇష్టం లేనివారు విక్టోరినాక్స్ 91 మిల్లీమీటర్ల చాకుల్లో క్లైంబర్ లాంటి దాన్ని జేబులో ఉంచుకుని, ఒక తపారియా కటింగ్ ప్లయర్‌ను బండి డిక్కీలో పెట్టుకోవచ్చు. రెండూ కలిపినా వేవ్ ప్లస్ కన్నా చాలా తక్కువకే వస్తాయి, తీగ పనికి ఆ పెద్ద ప్లయర్ దేనికీ తీసిపోదు.