పుంటికూర మటన్‌కు ఏ వైన్? వెయ్యి రూపాయల సీసాలతో కొన్నేళ్ల అనుభవం

హన్మకొండలో ఉంటూ కొన్నేళ్లుగా ఆదివారం భోజనంతో ఒక గ్లాసు వైన్ తీసుకుంటున్నాను. వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరికే దేశీయ వైన్లలో మన కూరలకు బాగా కుదిరేది చల్లటి వైట్ వైన్ అనీ, రెడ్ వైన్‌కు ఇంకో వెయ్యి ఎక్కువ పెట్టినా ఆ పొత్తు కుదరదనీ ఇన్నాళ్లకు నాకు తేలింది.

నేను ఎక్కువగా కొన్నది నాసిక్‌కు చెందిన సులా కంపెనీ వారి చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్. అందులో కొద్దిపాటి తీపి, దానికి తగ్గ పులుపు ఉంటాయి. పుంటికూర మటన్ ముందు పులుపు తక్కువున్న వైన్ ఏదైనా చప్పబడిపోతుంది గానీ ఇది నిలబడుతుంది. ఇక కారం సంగతి. ఆల్కహాల్ మిరప మంటను పెంచుతుంది. రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్కలు, గింజల నుంచి దిగే టానిన్ల వగరు దానికి తోడైతే నోరు పిడచకట్టుకుపోతుంది. ఎల్లిగడ్డ కారం దట్టంగా పట్టించిన నాటుకోడి కూరతో షిరాజ్ అనే రెడ్ వైన్ తాగితే పండు రుచి పోయి చేదు మాత్రమే మిగిలింది. అదే కూరతో చెనిన్ తాగితే దానిలోని తీపి మంటను కాస్త అణచి, రెండో ముద్దకు నాలుకను సిద్ధం చేసింది.

సర్వపిండికి మాత్రం సావిన్యాన్ బ్లాంక్ అనే మరో వైట్ వైన్ తీసుకోవాలి. గంజులో అడుగున ఎర్రగా కాలి కరకరలాడే అంచును తుంచి, పల్లీలు, నువ్వులు పంటి కింద పడుతుండగా ఒక గుక్క తాగితే నూనె జిడ్డు పోతుంది. ఈ వైన్‌లోని పచ్చిగడ్డి వాసన కరివేపాకుతో చక్కగా కలుస్తుంది. సంక్రాంతి సకినాలకూ ఇదే.

రెడ్ వైన్‌ను పూర్తిగా తోసిపుచ్చను. టమాట వేసి ఇగిరించిన ఖీమాకు, కారం తగ్గిస్తే, సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి కంపెనీ సాంజోవేసే ద్రాక్షతో చేసే రెడ్ వైన్ బాగుంటుంది, ఎందుకంటే ఆ ద్రాక్షకు సహజంగానే పులుపు ఎక్కువ. కొవ్వున్న మాంసం టానిన్ల వగరును తగ్గిస్తుంది కనుక బొగ్గులపై కాల్చిన మటన్‌కు షిరాజ్ కూడా సరిపోతుంది. పచ్చిపులుసుకు ఏదీ కుదరలేదు. దానికి మంచినీళ్లే మేలు.

కొనేటప్పుడు బ్రాండు కన్నా దుకాణాన్ని చూడటం ముఖ్యం. మన దగ్గర విస్కీ, బీరు చకచకా అమ్ముడుపోతాయి, వైన్ సీసాలు మాత్రం నెలల తరబడి పైఅరలో వేడికి మగ్గుతాయి. ఒక దుకాణంలో ఎండ పడే అద్దం పక్క నుంచి తీసిచ్చిన సీసా ఇంట్లో తెరిస్తే రంగు గోధుమకు తిరిగి, వడలిన ఆపిల్ వాసన వేసింది. తిరిగి తీసుకోవడానికి వారు ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ఏసీలోనో ఫ్రిజ్‌లోనో ఉంచే చోటే కొంటున్నాను. లేబుల్‌పై పంట సంవత్సరం ఉంటే, ఈ ధరలోని వైట్ వైన్ ఒకటి రెండేళ్లకు మించి పాతదైతే వద్దంటాను. నాసిక్‌లో ద్రాక్ష కోత సాధారణంగా జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది గనుక ఆ లెక్క వేయడం తేలికే.

రెడ్ వైన్‌ను గది వేడిలో తాగాలనే మాట వరంగల్ మే నెలకు వర్తించదు. దాన్ని అరగంటసేపు, వైట్ వైన్‌ను కనీసం రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచుతాను. తెరిచిన సీసాకు మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజుల వరకు రుచి తగ్గదు. ఒక్కరే తాగేవారు 375 మిల్లీలీటర్ల సీసా దొరికితే అదే తీసుకోవచ్చు.