భుజం ఆపరేషన్ తరువాతి నొప్పికి ఏ నర్వ్ బ్లాక్ మేలు?

భుజానికి చేసే ఆపరేషన్లలో, ముఖ్యంగా రొటేటర్ కఫ్ (భుజం కీలును చుట్టి పట్టి ఉంచే స్నాయువులు) కుట్టినప్పుడు, మొదటి ఒకటి రెండు రోజుల నొప్పి మాత్రలకు అంత సులువుగా లొంగదు. కనుక నర్వ్ బ్లాక్ (నరం దగ్గర మత్తుమందు ఎక్కించి ఆ భాగాన్ని మొద్దుబార్చడం) కావాలా వద్దా అన్నదానికన్నా ఏ బ్లాక్ అన్నదే ఆలోచించవలసిన విషయం.

చాలాకాలంగా అగ్రస్థానం ఇంటర్‌స్కేలీన్ బ్లాక్‌దే. మెడ పక్కన రెండు స్కేలీన్ కండరాల నడుమ, మెడ వెన్ను నుంచి వచ్చే సీ5, సీ6 (ఐదవ, ఆరవ) నరాల మూలాల వద్ద మందు ఎక్కిస్తే భుజం దాదాపు పూర్తిగా మొద్దుబారుతుంది. నొప్పి తగ్గించడంలో దీనికి వంక పెట్టలేము. చిక్కంతా ఆ మందు దగ్గరలోనే ఉన్న ఫ్రెనిక్ నరానికి, అంటే ఊపిరి తీయించే కండరమైన డయాఫ్రమ్‌ను కదిలించే నరానికి, కూడా పాకడంలో ఉంది. 20 మిల్లీలీటర్ల మోతాదులో ఇచ్చినప్పుడు ఆ వైపు డయాఫ్రమ్ దాదాపు అందరిలోనూ తాత్కాలికంగా పనిచేయడం మానేస్తుంది. ఊపిరితిత్తులు బాగున్నవారికి అది తెలియకుండానే గడిచిపోవచ్చు గాని, సీఓపీడీ (గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి) ఉన్నవారికీ స్థూలకాయులకూ ఆయాసం తప్పకపోవచ్చు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మందును 5 మిల్లీలీటర్లకు తగ్గిస్తే ఆ ముప్పు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. కొందరిలో కనురెప్ప వాలుతుంది, గొంతు బొంగురుపోతుంది. మందు ప్రభావంతో పాటే ఇవీ పోతాయి, అయితే ముందుగా చెప్పకపోతే రోగి పక్షవాతమేమోనని హడలిపోతాడు.

నా మొగ్గు సుపీరియర్ ట్రంక్ బ్లాక్ వైపు. సీ5, సీ6 మూలాలు కలిసి ఒక్కటైన చోట, అంటే ఫ్రెనిక్ నరం కాస్త దూరమైన చోట, దీనిని ఇస్తారు. నొప్పి నివారణలో ఇది ఇంటర్‌స్కేలీన్‌కు పెద్దగా తీసిపోదు, డయాఫ్రమ్‌ను మాత్రం చాలా తక్కువగా తాకుతుంది.

శ్వాసకోశ వ్యాధి ముదిరినవారికి ఆ కొద్దిపాటి ముప్పు కూడా ఎక్కువే. అటువంటివారికి వీపు వైపు నుంచి, భుజానికి వెళ్లే సుప్రాస్కాపులర్ నరానికీ, దానికి తోడు ఆక్సిలరీ నరానికీ విడివిడిగా మందు ఇవ్వడం మేలు; వేళ్లు కూడా స్వాధీనంలోనే ఉంటాయి. అయితే కీలుకు వేరే నరాలూ వెళతాయి కనుక మొదటి గంటల్లో కొంత నొప్పి మిగిలే అవకాశం ఉంది. కీలు లోపలికే పంపుతో మందు వదిలే పద్ధతిని నేను సిఫారసు చేయను, దానివల్ల మృదులాస్థి దెబ్బతిన్న ఉదంతాలున్నాయి.

ఒక్క సూదితో ఇచ్చిన బ్లాక్ ఏదైనా సాధారణంగా ఒక రోజులోపే, తరచు నడిరాత్రి, దిగిపోతుంది. అప్పుడు నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆ గడువును కొంత పొడిగిస్తుంది, నరం పక్కన ఉంచి మందు ఎక్కిస్తూ ఉండే సన్నని గొట్టం (క్యాథెటర్) ఇంకా ఎక్కువసేపు పనిచేసినా స్థానం తప్పి జారిపోతుంటుంది. అందువల్ల ఏ బ్లాక్ తీసుకున్నా, భుజం మొద్దుబారి ఉండగానే మాత్రలు మొదలుపెట్టాలి.