పుస్తకం మళ్లీ చదవడమా, గడియారం ముందు పెట్టుకుని సాధన చేయడమా?

కేంబ్రిడ్జ్, ఇంపీరియల్ వంటి బ్రిటన్ విద్యాసంస్థల్లో సైన్సు, ఇంజనీరింగ్ కోర్సుల ప్రవేశాలకు 2024 నుంచి జరుగుతున్న ఈశాట్ పరీక్షకు సిద్ధమయ్యేవారు కొందరు పాఠ్యపుస్తకాన్ని మొదటి నుంచి మళ్లీ చదువుతారు, మరికొందరు సమయం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు రాస్తారు.

ఒక అధ్యాయం అసలే చదవకపోతే పుస్తకం తప్ప వేరే దారి లేదు. అయితే తెలిసిన పేజీని మళ్లీ చూసినప్పుడు కలిగే పరిచయాన్నే పట్టు అనుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్నపత్రం ఆ భ్రమకు తావివ్వదు. ఒక్కో విభాగంలో 27 ప్రశ్నలకు 40 నిమిషాలే ఇస్తారు, అంటే ప్రశ్నకు 90 సెకన్లు కూడా దక్కవు. పైగా క్యాలిక్యులేటర్‌ను అనుమతించరు. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి తొలి వేగం సెకనుకు 14 మీటర్ల నుంచి 42 మీటర్లకు పెరిగితే, గాలి నిరోధాన్ని వదిలేసినప్పుడు, గరిష్ఠ ఎత్తు ఎన్ని రెట్లవుతుందని అడిగారనుకుందాం. సూత్రం మాత్రమే గుర్తున్న విద్యార్థి రెండు ఎత్తులనూ విడివిడిగా లెక్కగట్టి భాగించడానికి కూర్చుంటాడు. సాధన చేసిన విద్యార్థి మాత్రం ఎత్తు వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని, వేగం మూడింతలైంది గనుక ఎత్తు తొమ్మిదింతలవుతుందని క్షణాల్లో తేల్చేస్తాడు.

అందుకే ఎక్కువ సమయం ప్రశ్నపత్రాలకే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఈశాట్‌కు ముందు కేంబ్రిడ్జ్ ప్రవేశాలకు నిర్వహించిన ఎన్‌ఎస్‌ఏఏ (సైన్సు), ఈఎన్‌జీఏఏ (ఇంజనీరింగ్) పరీక్షల పత్రాలను ఈశాట్ సిలబస్‌తో సరిచూసుకుని రాయాలి. తప్పిన ప్రతి ప్రశ్నకూ సంబంధించిన పేజీని అదే రోజు పుస్తకంలో తెరిచి చదవాలి.