నెత్తిలైటు: నాలుగు యాసంగుల తర్వాత

"రెండు చేతులు ఖాళీగ ఉంటయి" అని ఒక్క మాట చెప్పి మా ఊర్ల ఐదుగురితోని ఈ నెత్తిలైటు, అంటె పట్టీతోని తలకు కట్టుకునే లైటు, కొనిపిచ్చిన. నాలుగేండ్ల కింద, కొత్త మోజుల చెప్పిన మాట అది. ఇప్పుడు ఎవరన్న వచ్చి "సారూ, ఆ లైటు తీసుకోవచ్చునా?" అని అడిగితె తీసుకో అని చప్పున అంటలేను. రాత్రిపూట చేన్ల నువ్వు ఏం పని చేస్తవో ముందు చెప్పు అంటున్న. ఐదుగురిల ఒకాయన నన్ను ఇప్పటికీ తిడ్తడు గాని, ఆయనది పురుగుల పంచాయితి, అది తర్వాత చెప్త.

కంపెనీ పేరు రాయను. పది పేర్లతోని ఒకే అచ్చుల పోసినట్టు వస్తున్నయి ఇసొంటియి. ఎన్ని ల్యూమెన్లు (వెలుగు కొలత), ఎన్ని మోడ్‌లు అన్నది డబ్బా మీద ఉంటది. ఆ ల్యూమెన్లల్ల సగం నమ్మినా ఎక్కువే.

మాది అచ్చంపేట దిక్కు, నల్లమల అంచున ఊరు. రెండున్నర ఎకరాల ఎర్ర చెల్క, ఒక బోరు. యాసంగిల పల్లి ఏస్తం. పగలు నేను ప్రైవేటు బడిల లెక్కలు చెప్త, చేను పని పొద్దుగూకినంకనే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణల వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినంక రాత్రి బాయికాడికి పోవుడు తప్పిందని అందరు సంబురపడ్డరు. వంతుల కరెంటు కోసం ఏండ్లకేండ్లు నిద్ర కాసిన మా నాయినకైతె అది నిజంగనే పండుగ. కాని స్ప్రింక్లర్లకు రాత్రే నయం. పగటి గాలికి తుంపర పక్కోని చేన్ల పడ్తది, ఎండకు కొంత గాలిలనే ఆవిరైతది. రాత్రైతె గాలి నిలుస్తది. ఇగ డిసెంబరు దాటి కాయ ఊరెటప్పుడు అడవిపందులు మొదలైతయి. ఒక్క రాత్రి ఏమారితె పొద్దుగాల చేను నాగలి పెట్టి దున్నినట్టుంటది.

పైపులు మార్చుడు అంటె తెలియనోళ్ల కోసం చెప్త. 20 అడుగుల నల్ల పైపు. మూడు గంటలకోసారి వరుస మార్చాలె. మోటరు బందు చేసి, పైపుకు పైపుకు నడుమ ఉన్న గుండీ విప్పి, ఒక కొస లేపి లోపలి నీళ్లు వంపి, సరిగ్గ నడిమిట్ల పట్టుకుని భుజానికెత్తుకోవాలె. అవతల వరుసల మళ్ల ఒకదాంట్లకు ఒకటి దూర్చి గుండీ బిగియ్యాలె. లోపలి రబ్బరుకు ఇంత మన్ను అంటినా నీళ్లు కారుతయి, గోటితోని గీకి తియ్యాలె. ఇది ఒక చేతుల బ్యాటరీ పట్టుకుని చేసే పని కాదు. (మా దిక్కు టార్చిలైటును పెద్దోళ్లు బ్యాటరీ అనే అంటరు.) మరి ఇన్నేండ్లు ఏం చేసిననంటె, నోట్ల కరుసుకున్న. చలికాలం స్టీలు గొట్టం పండ్లకు తగిలితె జివ్వుమంటది. చొంగ గడ్డం మీదికెల్లి కారి అంగిల పోతది. చంకల ఇరికిస్తె వంగంగనె జారి బురదల పడ్తది.

నెత్తిలైటు కట్టుకున్న మొదటి రాత్రి పన్నెండు పైపులు ఆగకుండ మార్చిన. తలకాయ ఎటు తిరిగితె వెలుగు అటు. గోరు ఎక్కడ పెడ్తె అక్కడ రబ్బరు కనపడ్తది. ఇంటికొచ్చి మా ఇంటామెను లేపి మరీ చెప్పిన. "నడిరాత్రి లైటు ముచ్చట్లేంది, పండుకో" అన్నది. ఆ వారమే ఐదుగురికి చెప్పిన.

పురుగుల సంగతి. తొలకరికి ఉసిళ్లు లేసినప్పుడు దీన్ని పెట్టుకోవద్దు. చేతి లైటుకు పురుగులు చేతికాడికి వస్తయి, దీనికి మొహానికే వస్తయి. ముక్కుల, చెవుల, మాట్లాడితె నోట్ల. నన్ను తిట్టే ఆయన వరి పెట్టినోడు, పైగ చష్మా. దోమలు చష్మాకు కంటికి నడుమ ఇరుక్కుంటయని ఆయన బాధ. ఎర్ర లైటు ఏసుకోమని చెప్పిన. ఎరుపు చాలా పురుగులకు సరిగ కనపడదు, తక్కువే వస్తయి. కాని ఎర్ర లైటుల పచ్చ ఆకు నల్లగ కనపడ్తది, అది వేరే గోస. ఇంకోటి, ఎదుటోనితోని మాట్లాడాల్నంటె లైటు వాని కండ్లల్లనే కొడ్తది. మా బావమర్దైతె ముచ్చట మొదలు పెట్టకముందే "లైటార్పు బావా" అంటడు.

మా యాసంగి పల్లి చేనుకు ఇవేవీ పెద్ద ఇబ్బంది కాదు, చలికి పురుగు తక్కువ. పైగ అనుకోని సంబురం ఒకటి దొరికింది. మొదటి చలికాలమే, ఒక రాత్రి చేనంత సన్నసన్న చుక్కలు నీలం పచ్చ కలిసినట్టు మెరుస్తున్నయి. స్ప్రింక్లర్ చుక్కలు ఆకుల మీద నిలిచినయనుకున్న. ఇంకా నీళ్లు పెట్టని మూలకు తిరిగితె అక్కడా ఉన్నయి. ఒక చుక్క దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూసున్న. చుక్క నడిచింది.

సాలెపురుగు. గూడు కట్టేది కాదు, నేల మీద తిరిగి వేటాడే రకం. కంటి లోపల అద్దం అసొంటి పొర ఉంటదట, వెలుగు ఎటునుంచి వస్తె అటే తిప్పి కొడ్తది. లైటు మన కండ్ల పక్కనే ఉంటె ఆ మెరుపు మన కంటికి తగుల్తది. నడుము కాడ చేతిల పట్టుకుంటె మెరుపు కూడ చేతికాడికే పోతది. చిన్నప్పటి నుంచి ఆ చేన్లనే తిరుగుతున్న, ఒక్కటి చూసిన పాపాన పోలే. నక్క, దుప్పి కూడ గట్లనే దూరం నుంచి దొరుకుతయి. పంది మాత్రం దొరకదు. పంది కంటికి ఆ పొర లేదు. దేని కోసం కావలి కాస్తున్ననో అదొక్కటే మెరవదు. దానికి చెవులే దిక్కు, చెట్టు పీకే చప్పుడు, గురగుర.

ఇంతవరకు బాగనే ఉన్నది. ఇగ సెల్లు.

ఈ లైటు వెనక బిల్ల తెరిస్తె సెల్లు బయటికొస్తది. అతికేసిన రకాలల్ల సెల్లు పోతె లైటే పోయినట్టు, అందుకని దీనికి నేను మొదట్ల చాలా మార్కులేసిన. లోపల ఉండేది 18650 అనే సెల్లు, 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడుగు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల వరుసగ పేర్చి ఉండేటియి ఇవే. రెండేండ్లకు దాంతోని వచ్చిన సెల్లు నీరసపడింది. హైదరాబాదు పోయినప్పుడు రోడ్డు పక్క బండి మీద 9900 మిల్లీయాంప్ అవర్లు (సెల్లుల ఎంత కరెంటు పడ్తదనే లెక్క) అని రాసి ఉన్న సెల్లు కొన్న. ఈ సైజుల మంచి కంపెనీ సెల్లుకే 3500 మిల్లీయాంప్ అవర్లు దాటుడు కష్టం. లెక్కల సారునే గాని ఆ బండి కాడ లెక్క చెయ్యలే. అగ్గువకు వచ్చిందని జేబుల ఏసుకున్న.

పోయినేడు జనవరి. రాత్రి పదకొండున్నర. రెండో వరుస మారుస్తున్న. భుజం మీద పైపు, అవతలి గుండీ కాడికి పోతున్న. లైటు ఆరిపోయింది.

పాత బ్యాటరీ గట్ల ఆరదు. తెలుపు పసుపైతది, పసుపు ఎరుపైతది, "అయిపోతున్న, ఇంటికి పో" అని ఎంతో ముందే చెప్తది. దీని లోపల సర్క్యూటు ఉంటది, సెల్లు తగ్గుతున్నా వెలుగును తగ్గనియ్యదు. ఆఖరి దాక ఒకటే తీరు, ఆఖర్ల ఒకటేసారి చీకటి. తెల్లటి వెలుగుకు అలవాటు పడ్డ కండ్లకు సుక్కలు కూడ కనపడలే. ఫోను స్టార్టరు డబ్బా కాడ పెట్టొచ్చిన. పైపుల మిగిలిన నీళ్లు మెడ మీదికెల్లి వీపుల కారుతున్నయి. మంచె మీద ఉన్న నాయినను పిలిచిన.

నాయిన తన మూడు సెల్లుల బ్యాటరీ పట్టుకుని వచ్చిండు. అది నాకంటె పాతది, గొట్టం మీద మెరుపంత పోయింది. దాన్ని ఆయన ఎప్పుడూ మోకాలి కాడ పట్టుకుని, నేలకు ఆనిచ్చినట్టు ఊపుకుంట నడుస్తడు. "చీమలకు తొవ్వ చూపెడ్తున్నవా నాయినా" అని చాలాసార్లు నవ్విన. ఆ రాత్రి కూడ గట్లనే ఊపుకుంట వచ్చి, ఇరవై అడుగుల అవతల ఆగిండు.

"కదలకు."

"ఏమైంది?"

"కదలకు కొడుకా, గుండీ కాడ చూడు."

ఆ పసుపు వెలుగు నేల మీద అడ్డంగ పాకుతున్నది. ఒక్కో పల్లి చెట్టుకు బారెడు నీడ, మట్టిగడ్డకు జానెడు నీడ. నేను వంగాల్సిన గుండీ పక్కన ఒక నీడ మాత్రం మణికట్టంత లావుగ, సుట్ట సుట్టుకుని ఉన్నది. నాకు మూడు అడుగుల దూరం. ముందు నీడనే కనపడ్డది, ఆ తర్వాతనే ఒంటి మీది గొలుసు మచ్చలు. రక్తపింజర. నాయిన ఇంకో రెండడుగులు వేసేసరికి బుస మొదలుపెట్టింది, కుక్కరుల ఆవిరి తోసుకొచ్చినట్టు.

పైపు కింద పడెయ్యాల్నంటె చప్పుడైతది, పట్టుకుందమంటె చేతులు వణుకుతున్నయి. ఎంతసేపు నిలబడ్డనో తెల్వదు. అది దానంతట అదే గెట్టు దిక్కు జరిగి పోయింది. ఆ రాత్రి మిగిలిన వరుస మార్చలే.

లైటు ఆరిపోయినందుకు సెల్లును తిట్టుకున్న, అది నా కక్కుర్తే. మర్నాడు వెండి కొట్టు కాంటా మీద పెట్టిపిస్తె 32 గ్రాములు తూగింది. నిఖార్సయిన సెల్లు 45 గ్రాముల దగ్గర్ల ఉంటది. కాని నన్ను తొలిచింది వేరే. లైటు ఆరిపోయింది కాబట్టి నేను ఆగిన. వెలుగుతుంటె ఆగేటోన్ని కాదు, పోయి వంగేటోన్ని. వెలుగుతుంటె అది నాకు కనపడేదా?

ఆ సాయంత్రం వాకిట్ల ఎండిన పల్లి కట్టె పరిచి, మా బిడ్డకు పాత మోకు ముక్క ఇచ్చి, అండ్ల ఎక్కడన్న పెట్టమన్న. చీకటి పడ్డంక నెత్తిలైటు పెట్టుకుని నిలబడి చూసిన. అంత తెల్లగ, పట్టపగల్లెక్క ఉన్నది, మోకు మాత్రం దొరకలే. కట్టె, ఆకు, మోకు అన్నీ ఒకటే పలక మీద గీసినట్టున్నయి. బిడ్డ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. తర్వాత అదే లైటును ఇప్పి మోకాలి కాడ పట్టుకున్న. ఒక్క చూపుకే దొరికింది, దాని నీడతోని. కన్ను, లైటు ఒక్క చోటనే ఉంటె నీడ వస్తువు వెనక దాసుకుంటది, మనకు కనపడదు. సాలెపురుగు కండ్లను చూపెట్టింది ఏ గుణమో మోకును దాసింది అదే.

అప్పటి నుంచి నడిచేటప్పుడు నెత్తికి కట్టుకుంటలేను. పట్టీని దర్జీ కాడ జానెడు అతికిపిచ్చి నడుముకు కట్టుకుంటున్న, స్వెటరు మీదినుంచి. మొలతాడుకు లైటు కట్టినట్టు ఉన్నదని మా ఇంటామె నవ్వుతది. పైపు కాడికి పోయి, గుండీ చుట్టుపక్కల అడ్డంగ ఒకసారి చూసి, అప్పుడు నెత్తికెక్కిస్త. నాలుగేండ్లకు పట్టీల రబ్బరు సాగింది, వంగితె కనుబొమ్మల మీదికి జారుతున్నది. సెల్లు మాత్రం ఈసారి తూకం చూసే కొన్న. ఇంకోటి ఎప్పుడూ జేబుల ఉంటది, విడిగ కాదు, ప్లాస్టిక్ డబ్బిల. తాళంచెవులతోని కలిసి రుద్దుకుంటె షార్టయి కాలుతది.

మళ్ల కొంటవా అంటె, నాకు స్ప్రింక్లర్లున్నయి, చష్మా లేదు, పని అంత చలికాలమే, కాబట్టి కొంట. ఒడ్ల మీద నడిచి మడవలు తిప్పే వరి రైతైతె, వానాకాలం పనైతె, నేను చెప్పిన అని మాత్రం కొనొద్దు. బాయికాడ స్టార్టరు రిపేరు చేసుకునేటోళ్లకు, రాత్రి బండి పంక్చరు చూసుకునేటోళ్లకు దీన్ని మించింది లేదు, నిలబడి చేసే పనే కద అది.

నాయినకు ఒకటి కొనిస్తనన్న. నెత్తికి రుమాలు చుట్టుకున్నంక దానికి జాగ ఏడున్నది అన్నడు. ఆయన బ్యాటరీకి పెద్ద సెల్లులు మాత్రం అచ్చంపేట నుంచి నేనే తేవాలె. మొన్న తెచ్చినయి మంచియి కావట, తొందరగ పసుపెక్కుతున్నయట. మళ్ల తెమ్మన్నడు.