పర్లాకిమిడిలో యూపీఎస్ కొనేవాళ్ళు జాగ్రత్త: కొత్త డబ్బాలో పాత బ్యాటరీలు

పర్లాకిమిడిలో కంప్యూటర్లు, యూపీఎస్‌లు అమ్మే ఆ షాపు మీ అందరికీ తెలుసు. పేరు రాయను. మన ఊళ్ళో సగం ఆన్‌లైన్ సెంటర్లకీ, బోర్డరు దాటి పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళకీ సామాను అక్కడి నుంచే. నేనూ అక్కడే మా ఆన్‌లైన్ సెంటర్లోని రెండు కంప్యూటర్లకి కలిపి 1 కేవీఏ యూపీఎస్ (కరెంటు పోయినా కాసేపు కంప్యూటర్లని బ్యాటరీల మీద నడిపే పెట్టె) తీసుకున్నాను. జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబరు రాసిన రెండేళ్ళ వారంటీ కార్డు, అన్నీ అడిగి తీసుకున్నాను. షాపు యజమాని, "మాస్టారూ, కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళండి, ఏ టెన్షనూ ఉండదు. ఏదైనా అయితే నేను లేనా?" అన్నాడు.

సామ్స్‌లో (ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్) ప్లస్ టూ అడ్మిషన్ ఫారాలు నింపే రోజులు ఇవి. కాశీనగరం వైపు నుంచి ఒక అమ్మాయి వాళ్ళ నాన్నతో వచ్చింది. ఫారం దాదాపు అయిపోయింది, ఇంతలో గాలివాన పట్టుకుని కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి కీమని అరిచింది, రెండు కంప్యూటర్లూ టక్కున ఆగిపోయాయి. 600 వాట్లు మోస్తుందని దాని మీదే రాసి ఉంది, నా లోడు 250 కూడా లేదు. 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలు రెండు ఉన్నప్పుడు పావుగంటైనా నడవాలి. ఫారం మళ్ళీ మొదటి నుంచి నింపాం, అది సరే. ఆ దెబ్బకి ఒక కంప్యూటర్ హార్డ్‌డిస్కు పోయింది. అందులో జనం ఇచ్చిన సర్టిఫికెట్ల స్కాన్లన్నీ ఉన్నాయి. డిస్కు ఇప్పుడు రికవరీకి బరంపురంలో ఉంది.

తొందరపడి షాపు మీదికి వెళ్ళలేదు. చార్జింగ్ చాలలేదేమోనని రాత్రంతా ప్లగ్గులో ఉంచాను. లేజర్ ప్రింటరు మొదటి నుంచీ గోడ ప్లగ్గుకే ఉంది. అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుని ఇంత చిన్న యూపీఎస్ మోయలేదని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. ఎర్తింగ్ కూడా చూపించాను. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు వోల్టులు కూడా లేవు, అంటే ఎర్తింగ్ బాగానే ఉంది. చివరికి ఒక్క కంప్యూటరే తగిలించి స్విచ్ ఆపి చూసినా అదే వరస.

అప్పుడు షాపుకి పట్టుకెళ్ళాను. కౌంటరు మీద పెడుతూనే వెనక సీలు స్టిక్కరు చూపించి, "చూడండి, ఎవరూ ముట్టుకోలేదు" అన్నాను. తల ఊపాడు. స్క్రూడ్రైవరు తీసి, స్క్రూ మీద అంటించిన ఆ స్టిక్కరులోకే మొన గుచ్చి తిప్పాడు. స్టిక్కరు మధ్యకి చీలింది. సర్వీసు చేసేవాడే కదా తీస్తున్నాడు అనుకుని చూస్తూ నిలబడ్డాను. స్క్రూలు తీశాడు, మూత ఒక పక్క నాలుగు వేళ్ళంత ఎత్తి లోపలికి తొంగి చూశాడు. వెంటనే దించేశాడు. నేను వంగి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. గబగబా స్క్రూలు బిగించి, డబ్బాని నా వైపు తిప్పి, చిరిగిన స్టిక్కరు మీద వేలు పెట్టి, "సీలు తెగిపోయింది. వారంటీ రాదు" అన్నాడు.

ఒక్క క్షణం నాకు మాట రాలేదు. "ఇప్పుడే మీరే కదండీ చింపారు, నా కళ్ళ ముందే!" అన్నాను.

"ఏటి, నేనా? నేనెందుకు చింపుతాను? ఇంటి దగ్గర నువ్వే కెలికావు. ప్రింటరు కూడా దీనికే తగిలించుంటావు. సెంటర్లోళ్ళందరిదీ ఇదే పని."

షాపు నిండా జనం. పక్కనే నిలబడి మొత్తం చూసిన పనికుర్రాణ్ణి, "నువ్వు చూశావు కదరా తమ్ముడూ" అని అడిగాను. కీబోర్డుల పెట్టె సర్దుకుంటూ తల ఎత్తలేదు. వాడి ఉద్యోగం వాడిది, వాణ్ణేమీ అనను. కన్జ్యూమర్ కోర్టుకి వెళ్తానంటే, "వెళ్ళు. వ్యాపారానికి కొన్నావు, నీ కేసు అక్కడెవడూ తీసుకోడు" అన్నాడు. ఏళ్ళ తరబడి అతని దగ్గరే కొన్న నన్ను నలుగురి ముందు అబద్ధాలకోరుని చేశాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

వారంటీ ఎలాగూ లేదన్నాడు కాబట్టి ఇంటికి తెచ్చి, నాకు తమ్ముడి వరసయ్యే ఎలక్ట్రీషియన్ చేత మూత తీయించాను. మొదటి స్క్రూ నుంచి ఫోన్లో వీడియో తీశాం. లోపల రెండు బ్యాటరీలు రెండు కంపెనీలవి! ఒకదాని పక్కలు ఉబ్బిపోయి, లాగితే బయటికి రావడమే కష్టమైంది. రెండోదాని మీద తయారీ తేదీ ముద్ర ఉండాల్సిన చోట గరుకు కాగితంతో రుద్దిన తెల్లటి మచ్చ. టెర్మినళ్ళ మీద అంతకుముందు క్లిప్పులు గీసిన గీతలు, మొదళ్ళ దగ్గర పచ్చటి చిలుము. కొత్త బ్యాటరీకి చిలుము ఎలా పడుతుంది?

మీటరు పెడితే ఒకటి 12.6 వోల్టులు, ఇంకోటి 12.4 చూపించింది, చూడ్డానికి బాగానే ఉన్నట్టు. షాపుల్లో మనకి చూపించేది ఈ అంకెలే. లోడు లేనప్పుడు చచ్చిన బ్యాటరీ కూడా ఇలా చూపించగలదు. మావాడు 55 వాట్ల కారు హెడ్‌లైటు బల్బు తగిలించాడు. ఉబ్బిన బ్యాటరీ చూస్తుండగానే 8 వోల్టులకి జారిపోయింది. 10.5కి వచ్చిందంటేనే ఖాళీ అయినట్టు లెక్క. రెండూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయి కాబట్టి జోడెద్దుల్లో ఒకటి కూలబడితే బండి ఆగినట్టు, ఒక బ్యాటరీ పడిపోతే యూపీఎస్ మొత్తం ఆగిపోతుంది. మాకు జరిగింది అదే.

కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఆ మోడల్లో రెండు బ్యాటరీలూ ఒకే కంపెనీవి వస్తాయని చెప్పారు. అంటే మధ్యలో ఎవరో మార్చారు. ఆ షాపులో పాత బ్యాటరీలు ఎక్స్చేంజికి తీసుకుంటారని మీకూ తెలుసు. మార్చడం నేను చూడలేదు, చూడనిది రాయను. కానీ మూత ఎత్తి, లోపలున్నది చూసి, నాకు కనపడకుండా మూసేసింది అతనే. అది చూశాను. వేరే చోట కొత్త జత కొని వేయించాక ఇదే యూపీఎస్ రెండు కంప్యూటర్లనీ పావుగంట పైనే నడుపుతోంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. వ్యాపారానికి కొన్నావన్న బెదిరింపుకి ఎవరూ లొంగకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో స్పష్టంగా ఉంది: కేవలం స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని వాడుకునే వస్తువు వ్యాపార అవసరం కిందికి రాదు. ఒక్కడే కూర్చుని జిరాక్స్, డీటీపీ చేసుకునేవాడు వినియోగదారుడే. కొన్న వస్తువు 5 లక్షల లోపుదైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో (కన్జ్యూమర్ కోర్టు అనేది దీన్నే) ఫీజు కూడా లేదు. పాతపట్నం, మెళియాపుట్టి వాళ్ళు ఒడిశాలో కొన్నాం కదా అని ఊరుకోవద్దు. ఆ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే చోటే, అంటే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు.

ఇక కొనేవాళ్ళకి: ముందు రోజే చార్జింగ్ పెట్టించి, షాపులోనే ఒక కంప్యూటరూ మానిటరూ తగిలించి, గోడ స్విచ్ ఆపించి పది నిమిషాలు నడిపించి చూడండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. రిపేరుకి ఇచ్చేటప్పుడు సీలు దగ్గరగా ఫోటో తీసి, అతను స్క్రూడ్రైవరు పట్టుకునే ముందే వీడియో మొదలుపెట్టండి. బ్యాటరీలు విడిగా కొంటే రెండూ ఒకే కంపెనీవి, ఒకే నెలవి అడగండి.

ఆ షాపులో ఈమధ్య యూపీఎస్ కొని, కరెంటు పోగానే ఆగిపోతున్నవాళ్ళు బిల్లు ఫోటో నాకు మెసేజ్ పెట్టండి, నా ఫిర్యాదుకి జత చేస్తాను. బ్యాటరీల వీడియో అడిగినవాళ్ళకి పంపిస్తాను.