పిల్లలకి అడవి జంతువుల్ని చూపించాలంటే: మైసూరు జూ, మన జూలు

జిరాఫీ, గొరిల్లా, ఆఫ్రికా ఏనుగు, నీటిగుర్రం. వీటన్నిటినీ పిల్లలకి ఒకేచోట చూపించాలనుకునే తెలుగువాళ్లకి నేను మొదట చెప్పే పేరు మైసూరు. కాచిగూడలో సాయంత్రం రైలెక్కితే మర్నాడు పొద్దున దిగొచ్చు. మా పాప రెండో తరగతి, బాబు యూకేజీ. అత్తయ్య కూడా మాతో వచ్చారు కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల సంగతి కూడా కలిపే రాస్తున్నాను.

జూ కోసమే వెళ్తుంటే స్టేషన్ దగ్గర కాకుండా నజర్‌బాద్ వైపు గది తీసుకోండి. జూ దగ్గర, ఆటో బేరాల గొడవ తక్కువ. మేం దిగిన లాడ్జి మాత్రం నాకు నచ్చలేదు. ఫ్యామిలీ రూమ్ అని బుక్ చేస్తే మామూలు డబుల్ రూమ్ చేతిలో పెట్టి, అదనపు పరుపుకి మళ్లీ డబ్బులడిగారు. వేడినీళ్లు పొద్దున కాసేపే వచ్చాయి. పరుపు సంగతి, నీళ్ల వేళలు ముందే ఫోన్ చేసి తేల్చుకుంటే మంచిది. తిండికి లోటేమీ లేదు. నజర్‌బాద్‌లోనే మైలారి దోసె దొరుకుతుంది. మెత్తగా, పైన వెన్నముద్దతో ఇస్తారు. కారం అంటే ఏడ్చే మా బాబు కూడా పేచీ పెట్టకుండా తిన్నాడు.

మైసూరు జూ 1892లో, అక్కడి రాజులైన ఒడెయార్ల కాలంలో మొదలైంది. అందుకే లోపల చెట్లు అంత పాతవి, నీడ అంత చిక్కన. దారి ఒకవైపుగానే సాగుతుంది, దాదాపు మూడు కిలోమీటర్లు. దారి తప్పుతామన్న బెంగ లేదు, మధ్యమధ్యలో కూర్చోవడానికి బెంచీలున్నాయి. అత్తయ్య బ్యాటరీ బండిలో వెళ్లారు, మేం నడిచాం. మంగళవారం సెలవు. గేటు దగ్గర ప్లాస్టిక్ కోసం బ్యాగులు చూస్తారు కాబట్టి చిప్స్ ప్యాకెట్లు తీసుకెళ్లొద్దు, స్టీలు డబ్బాలో ఏదైనా పెట్టుకుంటే సరిపోతుంది.

పిల్లలతో జూకి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది అన్నీ చూసేయాలని పరుగులు పెడతారు. నా లెక్క వేరు. నాలుగు జంతువుల్ని ఎంచుకుని, ఒక్కోదాని దగ్గర పిల్లలు 'ఇక పోదాం' అనేదాకా నిలబడాలి. జిరాఫీ దగ్గర మేం అదే చేశాం. మొదటి అయిదు నిమిషాలూ 'అబ్బో ఎంత పొడుగో' అన్నారు. ఆ తర్వాత కదా అసలు చూడటం మొదలైంది! ఎత్తుగా కట్టిన కొమ్మల్లోకి జిరాఫీ నాలుక చాచింది. నల్లగా, ఊదారంగు కలిసినట్టు, మూరెడు పొడుగు. ఆ నాలుకని కొమ్మ చుట్టూ తిప్పి ఆకుల్ని దూసుకుంది. అంత పొడుగు మెడలోనూ మనకున్నట్టే ఏడు ఎముకలే ఉంటాయని చెప్తే, పాప తన మెడ వెనక తడిమి చూసుకుని, "అయితే దాని ఎముక ఒక్కోటి ఎంతుంటుందమ్మా?" అంది. ఒక్కోటీ జానెడు పైనే. జాన పట్టి చూపించాను.

మైసూరు ప్రత్యేకత ఏనుగుల దగ్గర తెలుస్తుంది. మన ఏనుగులూ, ఆఫ్రికా ఏనుగూ రెండూ ఇక్కడున్నాయి. మన దేశంలో జూలలో ఆఫ్రికా ఏనుగు కనిపించడం చాలా అరుదు. దాన్ని చూడగానే మా బాబు, "నాన్నా, ఇది వినాయకుడు కాదు" అన్నాడు. ఎలా చెప్పావురా అంటే, చెవులు చూపించాడు. నిజమే, ఆఫ్రికా ఏనుగు చెవులు భుజాల్ని కప్పేసేంత పెద్దవి. మన ఏనుగు నెత్తి మీద రెండు బుడిపెలుంటాయి, ఆఫ్రికా ఏనుగుకి నున్నగా ఉంటుంది. తొండం కొసన దానికి వేళ్లలాంటి మొనలు రెండు, మన ఏనుగుకి ఒక్కటే. ఈ చివరిది చూడటానికి మావటివాళ్లు గడ్డి వేసేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగడం వృథా కాలేదు.

గొరిల్లాలు 2021లో జర్మనీ నుంచి వచ్చాయి. అక్కడ జనం ఎక్కువ, అరుపులూ ఎక్కువ. పెద్దవాళ్లే ఈలలేస్తుంటే పిల్లలకి ఏం నేర్పగలం? మేం పక్కకి జరిగి, గుంపు పల్చబడ్డాక మళ్లీ వచ్చాం. అప్పుడొక గొరిల్లా కూర్చుని కాడ పైతోలు పళ్లతో ఒలిచి, లోపలిది తిని, తొక్క పక్కన పడేసింది. మనం చెరుకు తినే పద్ధతే. మా పాప అరచేయి చూసుకోవడం నేను గమనించాను.

హైదరాబాద్ నెహ్రూ జూ మాటేమిటని అడుగుతారు. 1963లో తెరిచిన ఈ జూ మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉంది. చిన్నపిల్లలు మొత్తం నడవలేరు. బ్యాటరీ బండిలో గబగబా తిరిగొస్తే జంతువుల పేర్లు తెలుస్తాయి గానీ జంతువులు తెలియవు. నన్నడిగితే అక్కడ తప్పక చూపించాల్సింది రాత్రి జంతువుల గది. పగలు లోపల మసక చీకటి చేసి, రాత్రి తిరిగే ప్రాణుల్ని మేల్కొని ఉండేలా ఉంచుతారు. మొదట ఏమీ కనబడదు. కళ్లు అలవాటు పడ్డాక దేవాంగపిల్లి (పిల్లి కాదు, లోరిస్ అనే కోతుల బంధువు) పెద్ద పెద్ద కళ్లేసుకుని కొమ్మ మీద అంగుళం అంగుళం కదలడం కనిపిస్తుంది. బాబు నా చేయి గట్టిగా పట్టుకున్నాడు గానీ బయటికి పోదామనలేదు. సోమవారం ఈ జూకి సెలవు, ఆదివారం వెళ్తే తలకాయలే కనిపిస్తాయి.

విశాఖపట్నం ఇందిరాగాంధీ జూది మరో అందం. ఒకవైపు కొండలు, ఇంకోవైపు సముద్రం, 625 ఎకరాలు. కంబాలకొండ అడవి ఆనుకునే ఉంది. విదేశీ జంతువుల కోసమైతే మైసూరే మేలంటాను. రేచుకుక్కల (ధోల్ అనే అడవికుక్కల) కోసమైతే మాత్రం విశాఖ వెళ్లాలి. వాటి సంతతి పెంచడంలో ఈ జూకి మంచి పేరుంది. గుంపుగా ఉన్న రేచుకుక్కలు ఈలలాంటి కూతతో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. కుక్క అంటే మొరగడమే అనుకునే పిల్లలకి అది వినిపించాలి.

పెద్ద జూలలో జంతువుల్ని దత్తత తీసుకునే పథకం ఉంటుంది. ఏడాదికో కొన్నాళ్లకో తిండి ఖర్చు మనం కడతాం. ఏనుగుకి ఎక్కువ, చిన్న పక్షులకి మధ్యతరగతి ఇల్లు భరించగలిగినంతే. ఈసారి పుట్టినరోజుకి బొమ్మలు వద్దని, రామచిలుకకి కట్టమని మా పాప అడిగింది. బాబు ఇంకా ఏనుగు దగ్గరే ఆగి ఉన్నాడు. వాడితో బేరం నడుస్తోంది.